వదిలేసిన పేరు

లుంబన్ రిహిత్, సమోసిర్ ద్వీపం
1987 ఆగస్టు 9

అన్నయ్యా,

ముందు తిట్టేసి, క్షేమం తర్వాత అడుగుతాను. మేనకోడలు చావు తప్పించుకుని ఇంటికొస్తే మేనమామ చేప పట్టుకుని రావాలా, వద్దా? పసుపు కారం పట్టించి వండిన నిండు చేప పిల్ల ముందు పెట్టి, భుజాల మీద ఉలోస్ శాలువా కప్పి, "నీ ప్రాణం నీలోనే నిలబడుగాక" అనాల్సింది నువ్వు. నువ్వు రాలేదు. నీ స్థానంలో చిన్నాన్న కొడుకుని కూర్చోబెట్టాం. వాడు శాలువా తలకిందులుగా కప్పాడు. వచ్చినవాళ్ళంతా "మెదాన్‌లో బస్సులకి మీ అన్న లేకపోతే జరగదా?" అని అడుగుతుంటే నేను ఏం చెప్పాలి?

టెలిగ్రాంలో అన్నీ పట్టవు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పోయిన నెల సంత రోజున లమ్రియా, మూడిళ్ళ అవతలి సహత్, ఇంకో నలుగురు ఒకే పడవలో అవతలి ఒడ్డుకి బయల్దేరారు. సరస్సు మధ్యకి వెళ్ళాక గాలి లేచింది. పడవ బోర్లా పడింది. మన పిల్ల ఉల్లి బుట్ట పట్టుకుని తేలింది. సహత్ ఒక్కడే దొరకలేదు. మూడో రోజు దొరికాడు. వాడికీ తొమ్మిదేళ్ళే. ఇద్దరూ ఒకే బెంచీ.

కృతజ్ఞత కూడికలో నేనే లేచి సాక్ష్యం చెప్పాను. ఆదివారపు బడి టీచరుని, అందులోనూ సంఘపెద్ద భార్యని, నోరు మూసుకుని కూర్చుంటే బాగుండదు కదా. "ఆ పొద్దున నా కూతురు మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని గడప దాటింది, అందుకే దేవుడు దాని చెయ్యి పట్టుకున్నాడు" అన్నాను. సగం మంది ఏడ్చారు.

ఆ రోజు నుంచి లమ్రియా మారిపోయింది అన్నయ్యా. చెప్పకుండానే మోకరిస్తుంది. అందరి పేర్లూ వరసగా చెప్పి ప్రార్థన చేస్తుంది. పాస్టరు గారు మిగతా పిల్లలకి దాన్నే చూపిస్తున్నారు. నాకు గర్వంగా ఉంది, దాచను. నీకు కూడా ఏదో చీటీ రాసింది, ఇందులో పెడుతున్నాను. అంటించేసింది, నన్ను చూడనివ్వలేదు.

నీ చెల్లెలు,
మరింతన్


మెదాన్
1987 సెప్టెంబరు 2

చెల్లీ,

తిట్లు అందాయి. ఏ ఒక్కటీ దారిలో పోలేదు, తపాలా శాఖ బాగానే పనిచేస్తోంది. షెడ్డులో నాలుగు బస్సులు విప్పి ఉన్నాయి, ఓనరు సెలవు ఇవ్వలేదు. ఈ మాట నమ్మితే నమ్ము.

పిల్ల బతికింది, అది చాలు. సహత్ వాళ్ళమ్మ ఎలా ఉంది? నీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క ముక్క లేదు.

లమ్రియా చీటీ చదివాను. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. "మావయ్యా, నీ పూర్తి పేరు వంశం పేరుతో సహా రాసి పంపు. వీధి పేరు, ఇంటి నంబరు కూడా. మెదాన్‌లో ఇంకో పార్లిన్ ఎవరైనా ఉన్నారా? దేవుడు పొరపాటు పడకుండా అడుగుతున్నాను" అని రాసింది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు, బస్సుల కింద పడుకునేవాణ్ణి. ఇంజను రోజూ చేసే చప్పుడు మానేసి మరీ నున్నగా తిరుగుతుంటే నాకు అనుమానం వస్తుంది. అది ఎంతసేపు మోకరిస్తోంది? సరిగ్గా తింటోందా? ఆడుకుంటోందా? బావని కాదు, నిన్నే అడుగుతున్నాను. నువ్వే చూసి రాయి.

పార్లిన్


లుంబన్ రిహిత్
1987 సెప్టెంబరు 24

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. దేవుడి భయం ఉన్న పిల్లని ఇంజనుతో పోలుస్తావా అని చింపబోయాను. అంతలో చూద్దాంలే అని ఒక పొద్దున తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టాను.

నూట నలభై మూడు పేర్లు అన్నయ్యా. మన ఇల్లు, తాతలు, బడి, పడవ నడిపే వాళ్ళు, ఉత్తరాలు తెచ్చే ఆయన, మా ఆవు, పక్కింటి రెండు పందులు. నీ పేరు ఇంటి నంబరుతో సహా ఉంది. ఒక పేరు దగ్గర తడబడితే మళ్ళీ మొదటికి వెళుతుంది. అన్నం ముందు కూడా అంతే. ఆమెన్ అనేసరికి అన్నం రాయిలా అయిపోతుంది, రెండు ముద్దలు తిని లేస్తుంది. బడికి రోజూ ఆలస్యమే. పోయిన సోమవారం బెల్లు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది.

"ఇవాళ్టికి చాలమ్మా, లే" అని రెక్క పట్టుకున్నాను. అది అరిచిన అరుపు విని మీ బావ పొలం నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా బడి వాళ్ళ పేర్లే కాలేదమ్మా! వాళ్ళకి ఏమైనా అయితే నువ్వు చూసుకుంటావా?" అంటోంది. మీ బావ నా మీదే కేకలేశాడు, ప్రార్థన ఆపించే తల్లి ఉంటుందా అని.

పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. అది బడికి వెళ్ళాక తీసి చూశాను. చివరి పేజీలో సహత్ పేరు ఒక్కటే ఉంది, పెన్సిలుతో కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి. కాగితం చిరిగింది.

నాకు భయంగా ఉంది. ఇరవై మంది పిల్లలకి దేవుడి గురించి చెబుతాను, నా కడుపున పుట్టిన దానికి ఏం చెప్పానో నాకే తెలియడం లేదు. సహత్ వాళ్ళమ్మని అడిగావు. నేను ఆ ఇంటి వైపు వెళ్ళడం లేదు. ఎందుకని అడగకు.

మేనమామ మాటకి ఉన్న బరువు ఇంకెవరి మాటకీ ఉండదు. దానికి ఒక ఉత్తరం రాయి.

మరింతన్


మెదాన్
1987 అక్టోబరు 6

లమ్రియా తల్లీ,

నీకు విడిగా రాస్తున్నాను. మీ అమ్మ చదవకూడదని చెప్పాను, చదవదు.

నా కోసం రోజూ ప్రార్థన చేస్తున్నావట. ఇంటి నంబరు కూడా చెబుతున్నావట. ఇంత కష్టం ఎందుకు పడుతున్నావు? ఆటకి కూడా పోవడం లేదని విన్నాను. సహత్ పేరు ఎందుకు కొట్టేశావు? నాకు చెప్పు. నేను ఎవరికీ చెప్పను. బస్సు చక్రాల మీద ఒట్టు.

మావయ్య


లుంబన్ రిహిత్
అక్టోబరు 17

మావయ్యా,

అమ్మకి చెప్పనని ఒట్టు వేశావు కాబట్టి రాస్తున్నాను.

సహత్ నేను బాతులా నడుస్తానని అందరి ముందూ నడిచి చూపించాడు. అందరూ నవ్వారు. తర్వాత రోజే సంత. పొద్దున ప్రార్థనలో అమ్మ పేరు, నాన్న పేరు, బామ్మ పేరు, మా బెంచీలో అందరి పేర్లు చెప్పాను. రోజూ సహత్ పేరు కూడా చెప్పేదాన్ని. ఆ రోజు కోపం వచ్చి కావాలనే వదిలేశాను. ఒక్క రోజే మావయ్యా. మర్నాడు మళ్ళీ చెబుదామనుకున్నాను.

పడవలో ఉన్నవాళ్ళలో ఎవరూ పేరు చెప్పనిది వాడిది ఒక్కటే. మిగతా నలుగురూ పడవ నడిపేవాళ్ళు, వాళ్ళని మా నాన్న "పడవ వాళ్ళందరూ" అని ప్రార్థనలో చెప్పాడట, కానీ సహత్ పడవ వాడు కాదు కదా.

నేను ప్రార్థన చేసినందుకే బతికానని అమ్మ చర్చిలో అందరికీ చెప్పింది. అప్పుడు నాకు అర్థమైంది. సహత్ వాళ్ళమ్మ వెనకాల నిలబడి ఉంది. ఆమెకి తెలిస్తే ఏమవుతుంది?

ఇప్పుడు ఎవరినీ వదలడం లేదు. మెలకువ రాకపోతే ఎలా అని భయం, అందుకే త్వరగా లేస్తున్నాను. మెదాన్‌లో ఇంకో పార్లిన్ ఉన్నాడో లేడో నువ్వు ఇంకా చెప్పలేదు.

లమ్రియా


మెదాన్
1987 అక్టోబరు 29

లమ్రియా తల్లీ,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. సహత్ నీ వల్ల పోలేదు. గాలి వల్ల పోయాడు. నేను ఊరికే ఇలా అంటే నువ్వు నమ్మవని తెలుసు, నువ్వు మీ అమ్మ కూతురివి. అందుకే ఒక పని చేద్దాం.

నవంబరు మూడో తేదీ నుంచి క్రిస్మస్ దాకా నీ పుస్తకంలోంచి నా పేరు తీసెయ్. పూర్తిగా. ఇంటి నంబరు కూడా. నేను పెద్దవాణ్ణి, నా సంగతి నేను చూసుకుంటాను. క్రిస్మస్‌కి నేను నిక్షేపంగా ఉత్తరం రాస్తాను, అప్పుడు నీకే తెలుస్తుంది. మేనమామ మాట, కాదనకూడదు.

మావయ్య


లుంబన్ రిహిత్
1987 నవంబరు 27

అన్నయ్యా,

నువ్వు మా పిల్లకి ఏం రాశావు? నువ్వు చెప్పవు, అది చెప్పదు. నిన్న మీ బావ భోజనం ముందు నీ పేరు తలిస్తే చేతులతో చెవులు మూసుకుంది. "మావయ్య పేరు చెప్పకండి, తీసెయ్యమన్నాడు" అంది. ఏమిటీ చోద్యం? దేవుడితో పందెం కాస్తున్నావా, అదీ తొమ్మిదేళ్ళ పిల్లని మధ్యలో పెట్టి?

నాలుగు వారాల నుంచి నీ దగ్గరనుంచి చీటీ ముక్క లేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఉత్తరాల పడవ వచ్చే వేళకి లమ్రియా రేవులో నిలబడుతోంది. ఆయన చెయ్యి ఊపి లేదని సైగ చేస్తాడు. అది ఇంటికొచ్చి మూలన కూర్చుంటుంది. నిన్న అడిగింది, "అమ్మా, మెదాన్ నుంచి చావు కబురు రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని. నేను దాన్ని కొట్టాను. ఇంతవరకూ ఎప్పుడూ కొట్టలేదు.

నీకేమైనా అయిందా? బతికుంటే రెండు గీతలు గీసి పంపు. నాకు కాదు, దానికి.

మరింతన్


మెదాన్
1987 డిసెంబరు 5

చెల్లీ,

అక్షరాలు చూసి భయపడకు. ఎడం చేత్తో రాస్తున్నాను.

పిల్ల నా పేరు తీసేసిన పదకొండో రోజున బస్సు కింద ఉండగా జాకీ జారింది. కుడి చెయ్యి ఇరుక్కుంది. రెండు వేళ్ళు పోయాయి. మిగతావి ఉన్నాయి. తప్పు నాదే, కింద చెక్క దిమ్మ పెట్టడం మర్చిపోయాను. ఇరవై ఏళ్ళలో వందసార్లు మర్చిపోయి ఉంటాను, ఆ రోజు జారింది. అంతే. కానీ ఈ మాట ఆ పిల్లకి ఎలా చెప్పను? అందుకే రాయలేదు. మూడు వారాలు ఆసుపత్రి మంచం మీద పడుకుని దొంగలా దాక్కున్నాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. కూడికకి సెలవు దొరక్క రాలేదని రాశాను, అబద్ధం. నీ వదిన పోయి ఆరేళ్ళయింది. అప్పుడు నేనూ పేర్లు చెప్పాను మరింతన్. ఒకటే పేరు, ఆసుపత్రి వరండాలో, వారం రోజులు. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు. మీ అందరి ముందూ నిలబడి దేవుడు కాపాడాడని నోటితో అనలేక రాలేదు. నేను నమ్మను కాబట్టి పిల్ల భయాన్ని నేనే తీసెయ్యగలననుకున్నాను. ఎంత తెలివి!

చెయ్యి నలిగినప్పుడు నొప్పి కంటే ముందు వచ్చింది ఆ పిల్ల ముఖం. ఇది తెలిస్తే అది ఏమైపోతుందో అని. నవ్వకు, ఆ మంచం మీద ఆరేళ్ళ తర్వాత ఒక పేరు చెప్పాను. నాది కాదు.

దాచితే ఇంకా కుళ్ళుతుంది. వచ్చే వారం వస్తున్నాను, చేప పట్టుకుని. నా నోటితోనే చెబుతాను.

పార్లిన్


లుంబన్ రిహిత్
1987 డిసెంబరు 21

అన్నయ్యా,

నువ్వు పడవ ఎక్కినప్పుడు నీ ముఖం చూడలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, ఈ ఉత్తరం క్రిస్మస్‌కి ముందే నీకు చేరాలి.

నువ్వు చెయ్యి చూపించి జాకీ సంగతి చెబుతుంటే అది మగ్గం వెనక్కి వెళ్ళి కూర్చోవడం చూశావు. "నన్ను ఓదార్చడానికి చెక్క దిమ్మ అంటున్నావు మావయ్యా, పదకొండో రోజున అయింది కదా" అంది. నీ చేప అలాగే చల్లారింది. నువ్వు రాత్రంతా గుమ్మంలో కూర్చుని, పొద్దున్నే రేవులో ఆ బాతు నడక సంగతి, వదిలేసిన పేరు సంగతి నాకు చెప్పి వెళ్ళిపోయావు. ఒట్టు తప్పినందుకు క్షమించమన్నావు. నేను క్షమించేదేముంది, దాని నెత్తిన ఆ బండ పెట్టింది నేనే కదా.

ఇంటికొచ్చి ఆ చేపలో సగం ఆకులో కట్టాను. పిల్ల చెయ్యి పట్టుకుని మూడిళ్ళు దాటాను. మూడిళ్ళ దూరం అన్నయ్యా, అయిదు నెలలు పట్టింది నాకు.

సహత్ వాళ్ళమ్మ అరుగు మీద ఉల్లిపాయలు కట్టలు కడుతోంది. వాడు పోయినా ఊరంతా ఆమెని ఇంకా కొడుకు పేరుతోనే పిలుస్తోంది, నేనూ అలాగే పిలిచాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. "ఆ రోజు సాక్ష్యంలో నేనన్న మాట తప్పు" అన్నాను. ఆమె తల ఎత్తలేదు.

అప్పుడు లమ్రియా నా చెయ్యి వదిలించుకుంది. "అత్తా, ఆ పొద్దున నేను సహత్ పేరు చెప్పలేదు. కోపంతో వదిలేశాను. అందుకే పోయాడు" అంది. గుక్క తిప్పుకోకుండా ఒక్క వరసలో అనేసింది.

ఆమె చేతులు ఆగిపోయాయి. కొడుతుందనుకున్నాను. కొట్టినా అడ్డుపడకూడదనుకున్నాను.

"నేను చెప్పానే" అంది.

పిల్లకి అర్థం కాలేదు.

"నేను చెప్పానే వాడి పేరు. రోజూ మొదట వాడి పేరే చెబుతాను. ఆ పొద్దున పడవ కనపడినంతసేపూ రేవులో నిలబడి చెబుతూనే ఉన్నాను. ఇప్పటికీ నోరు తెరిస్తే అదే ముందొస్తుంది, ఏం చెయ్యను?"

"నువ్వు చెప్పినా?" అంది లమ్రియా.

"చెప్పినా."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చర్చిలో ఆ మాట అంటున్నప్పుడు వెనకాల నిలబడి మీ చుట్టాలకి అన్నం వడ్డించే గరిటె పట్టుకుని ఉన్నాను మరింతన్. నీ కూతురు ప్రార్థన చేసింది కాబట్టి అన్నావు. మరి నేనేం చేశాననుకున్నావు? మా ఇంట్లో ఆ పొద్దున కోళ్ళని తోలుకున్నామనుకున్నావా?" అంది. ఆమె చాలా సేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లమ్రియా మాత్రం ఏడవలేదు, ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుని ఉల్లి కట్టలు అందిస్తూ ఉంది. పొద్దు వాలాక ఆమె ఆకు విప్పి, చేప ముల్లు తీసి, దాని నోట్లో పెట్టింది. తిన్నది అన్నయ్యా. ఆమె పెడుతున్న కొద్దీ తిన్నది. నీ చేప చివరికి పిల్ల కడుపులోకే వెళ్ళింది.

మొన్న ఆదివారం బడిలో పిల్లల ముందు నిలబడ్డాను. పాఠం మొదలుపెట్టే ముందే చెప్పాను, నేను మీకు ఒక తప్పు నేర్పాను, ప్రార్థన చేసినవాళ్ళకి ఏమీ కాదని నేర్పాను, అది నిజం కాదు అని. ఒకడు లేచి "అయితే ఎందుకు చెయ్యాలి టీచర్?" అన్నాడు. తెలియదన్నాను. మీ బావ వెనక నుంచి దగ్గాడు. పాస్టరు గారు మాట్లాడటానికి రమ్మన్నారు, రేపు వెళ్ళాలి. ఏమంటారో ఏమో. ఈ పని నా చేతుల్లోంచి తీసేస్తారేమో. తీసేస్తే తీసెయ్యనీ అని రాయాలని ఉంది కానీ అంత ధైర్యం లేదు.

లమ్రియా పూర్తిగా బాగుపడిపోయిందని అబద్ధం చెప్పను. నిన్న కూడా రేవు దాకా వెళ్ళి ఉత్తరాలాయన పడవ క్షేమంగా వచ్చిందో లేదో చూసుకుని వచ్చింది. కానీ నోటుబుక్కు బడి సంచిలో పెట్టేసింది. రాత్రి అన్నం ముందు కళ్ళు మూసుకుంటే నేనూ పక్కనే కూర్చున్నాను. ముందు నీ పేరు చెప్పింది. ఇంటి నంబరు చెప్పలేదు. నేను మెల్లిగా, మావయ్య చెయ్యి బాగవ్వాలనా అని అడిగాను. "కాదమ్మా, గుర్తొచ్చాడు" అంది.

తర్వాత సహత్ పేరు చెప్పింది. వాడు తనని బాతు అన్నాడనీ, తనకి ఇంకా కోపంగానే ఉందనీ, అయినా బెంచీలో వాడి చోటు ఎవరికీ ఇవ్వడం లేదనీ చెప్పింది. అక్కడితో ఆగింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది.

నేను ఆమెన్ అన్నాను.

మరింతన్